లైనమ్మ సంతకం

ఆసుపత్రి గోడలకి చెవులున్నాయో లేదో తెలీదుగానీ, లైనమ్మకి మాత్రం ఆసుపత్రంత చెవి ఉందని అక్కడ అందరూ ఒప్పుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఆసుపత్రి టెలిఫోన్ గదిలో కూర్చుని, ఎవరి ఫోను ఎవరికి కలపాలో వాళ్ళకి కలిపిన మనిషి ఆవిడ. పుట్టుకతోనే చూపు లేదు. ఆ వాటా కూడా చెవులే తినేశాయని ఆవిడే అంటుంది. అవతలివాడు తుమ్మితే ఏ వార్డులో తుమ్మాడో చెప్పేదనీ, ఊపిరి తీసే తీరుని బట్టి పెద్ద డాక్టరుగారు భోంచేశారో లేదో కనిపెట్టేదనీ చెప్పుకుంటారు. ఇందులో సగం కోతలే కావచ్చు, మిగిలిన సగం చాలు. ఒక్క మాట మాత్రం కోత కాదు. అన్నేళ్ళలో ఒక్క ఫోను కూడా తప్పు చోటికి కలపలేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఎదటివాళ్ళు మర్చిపోతే గుర్తుచెయ్యడమూ తెలుసు.

అలాంటి మనిషి మంగళవారం పొద్దున్న అదే ఆసుపత్రి మూడో అంతస్తులో, గిర్రున తిరిగే కుర్చీలో కూర్చుని, ముగ్గురు వెబ్ డెవలపర్ల మధ్య ‘బటన్’ అనే మాట పదకొండోసారి వింటోంది.

"బటన్," అంది కంప్యూటరు. లైనమ్మ మీట నొక్కింది. "బటన్." మళ్ళీ నొక్కింది. "చిత్రం. ఇక్కడ నింపండి. ఇక్కడ నింపండి. బటన్."

తెరమీద రాసి ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు అది. లైనమ్మ ఇంట్లో నాలుగేళ్ళుగా దానితోనే కాలక్షేపం చేస్తోంది. ఆవిడ పెట్టుకునే వేగానికి మామూలు మనుషులకి రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు వినిపిస్తుంది తప్ప మాటలు తెలియవు. ఇవాళ మాత్రం దాన్ని నత్తనడకకి దించినా పని జరగడం లేదు.

సోమవారం నుంచి ఆసుపత్రిలో డాక్టరు అపాయింట్‌మెంట్లు రాసిచ్చే కిటికీలు మూసేస్తారు. ఇక ఎవరికి ఏ డాక్టరు కావాలన్నా ఈ పేజీలోనే తీసుకోవాలి. చూపు లేనివాళ్ళు కూడా దాన్ని వాడుకోగలరని ఎవరో ఒకరు పరీక్షించి సంతకం పెడితేగానీ పేజీ తెరవకూడదని నిబంధన. ఆ ఎవరో ఒకరు ఎవరా అని వెతికితే, రిటైరైన లైనమ్మ గుర్తొచ్చింది. గంట పని, ఒక ఫోటో, ఒక పూలగుత్తి, ఒక సంతకం అని చెప్పి పిలిచారు.

వచ్చిన పది నిమిషాల్లోనే ఆవిడ ముగ్గురికీ పేర్లు పెట్టేసుకుంది. కీబోర్డు మీద మేకులు కొడుతున్నట్టు కొట్టేవాడు టకటక. వివరాలు నింపే ఫారాలన్నీ రాసింది ఫారాలమ్మాయి. ఇక వాళ్ళిద్దరికీ పైవాడు, కూర్చున్నప్పటినుంచీ ‘నూటికి నూరు’ అని నాలుగుసార్లు అన్నాడు గనక వాడికి వేరే పేరు వెతకాల్సిన అవసరం పడలేదు.

"ఇది ఏ బటను బాబూ?" అంది లైనమ్మ.

"ఏదమ్మా?" అన్నాడు నూటికినూరు.

"నేనూ అదే అడుగుతున్నాను."

"అమ్మా, పేజీలో తప్పులు పట్టే ప్రోగ్రాం ఒకటుంది. దానిచేత దిద్దించాం. నూటికి నూరు వేసింది."

"దానికి కళ్ళున్నాయా?"

"ప్రోగ్రామ్‌కి కళ్ళెందుకుంటాయమ్మా."

"అయితే నాలాంటిదే. అదెప్పుడైనా డాక్టరు దగ్గరికెళ్ళిందా?"

నూటికినూరు నవ్వాలో వద్దో తేల్చుకోలేక గొంతు సవరించుకున్నాడు. "ప్రతి బటనుకీ లోపల ఒక పేరుండాలంటుంది అది. ఖాళీగా వదిలేస్తే మార్కులు కోస్తుంది. అందుకని దేన్నీ వదలకుండా పెట్టేశాం."

"ఏమని పెట్టారు?"

"బటన్ అని," అన్నాడు టకటక, నేలకి చెప్పినట్టు.

"పదిమంది పిల్లల్ని కని, అందరికీ పిల్లాడు అని పేరు పెట్టినట్టుంది నాయనా. అన్నానికి ఎలా పిలుస్తారు?"

అయినా పట్టిన పని వదిలే రకం కాదు కాబట్టి ఆ చీకటి కొట్లో తడుముకుంటూ ముందుకు పోయింది. మోకాలి నొప్పికి ఎముకల డాక్టరు కావాలి ఆవిడకి. ఇరవై రెండు నిమిషాలు బటన్ల వెంట బటన్లు దాటుకుంటూ పోగా పోగా, చివరికి గొంతు గంభీరంగా పలికింది: "మీ అపాయింట్‌మెంటు ఖరారైంది. ప్రసూతి విభాగం. రెండో నెల పరీక్ష."

"అరవై నాలుగేళ్ళొచ్చాయి నాకు," అంది లైనమ్మ నిదానంగా. "మా ఆయనకి ఈ కబురు ఎలా చెప్పాలో ఏమిటో."

ముందు ఫారాలమ్మాయికి నవ్వు ఆగలేదు, తర్వాత టకటకకి. నూటికినూరు మాత్రం నవ్వలేదు. బల్లమీద ఒక కాగితం జరిపి, "మీరు చెప్పినవన్నీ తర్వాత చూసుకుంటామమ్మా. సంతకం ఇక్కడ," అని ఆవిడ వేలు తీసుకెళ్ళి గీత మీద పెట్టాడు.

సంతకం చెయ్యడానికి లైనమ్మ దగ్గర ఒక సాధనముంది. అట్టముక్కకి మధ్యలో చిన్న కిటికీలా కోసుకున్నది. దాన్ని కాగితం మీద ఆనిస్తే గీత తప్పదు. సంచిలోంచి ఆ అట్ట తీసింది, వేళ్ళతో రెండుసార్లు తిప్పింది. "ఏం రాసుందో చదువు," అంది.

"ఈ పేజీని చూపు లేనివారితో సహా అందరూ, ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలరని పరీక్షించి ధ్రువీకరిస్తున్నాను."

"అందరూ అనుందా?"

"అందరూ అనే ఉందమ్మా. అది ఊరికే లాంఛనం."

లైనమ్మ అట్టముక్కని సంచిలో పెట్టేసుకుంది. "లాంఛనమైతే లిఫ్టు దగ్గర కూర్చునేవాడిచేత పెట్టించు, వాడూ ఖాళీగానే ఉన్నాడు. నా సంతకమే కావాలంటే, శుక్రవారం పది గంటల దాకా టైముందన్నావుగా. రేపొస్తాను. ముగ్గురూ పలకా బలపం సర్దుకోండి."

పూలగుత్తి బల్లమీదే ఉండిపోయింది.

బుధవారం తొమ్మిది కొట్టేసరికి ఆవిడ కుర్చీలో ఉంది. వస్తూనే సంచి నోరు తెరిచి పట్టుకుని, "మౌసులు ఇలా వేసెయ్యండి," అంది. దుంపలు తవ్వి బుట్టలో వేసినట్టు మూడూ పడ్డాయి. "తెరలు ఆర్పెయ్యండి. ఆరాయా? టకటకా, నీది ఇంకా గుయ్‌మంటోంది." టకటక నాలిక్కరుచుకుని ఆర్పేశాడు. "ఇప్పుడు నలుగురం సమానం. ఎముకల డాక్టరు, వచ్చేవారం, ఏ రోజైనా సరే. మొదలుపెట్టండి. పేజీ మీదేగా, పరాయిదేం కాదు."

తమ ఇంట్లో తామే దారి తప్పడమంటే ఏమిటో ఆ ముగ్గురికీ ఆ పొద్దున తెలిసొచ్చింది. టకటక తేదీలు చూపించే పట్టికలోకి వెళ్ళాడు, మళ్ళీ బయటికి రాలేదు. మీట నొక్కితే ఒకటి, రెండు, మూడు అంటూ ముప్పై ఒకటి దాకా పోతుంది, తర్వాత మళ్ళీ ఒకటి. గానుగెద్దులా అరగంట తిరిగాడు.

"నెల దాటట్లేదమ్మా," అన్నాడు దీనంగా.

"కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. మీ దగ్గర ఆగినట్టుందే."

ఫారాలమ్మాయి అంతకన్నా నయం. గడులన్నీ తానే రాసింది గనక వరస గుర్తుంది. అన్నీ నింపి చివరి మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది.

"ఏమంటోంది అమ్మాయ్?"

"ఏమీ అనట్లేదు. నొక్కానో లేదో కూడా తెలీట్లేదు."

తెర వెలిగించి చూస్తే, ఫోను నంబరులో ఒక అంకె తక్కువైంది. ఆ గడి చుట్టూ ఎర్రగీత వచ్చి ఉంది. "తప్పుంటే ఎరుపు రంగు వచ్చేలా పెట్టానమ్మా," అంది ఫారాలమ్మాయి చిన్నబోతూ.

"ఎరుపు గురించి పుట్టినప్పటినుంచీ చాలా గొప్పగా వింటున్నాను," అంది లైనమ్మ. "ఒక్కసారీ నాతో మాట్లాడిన పాపాన పోలేదు."

ఇక నూటికినూరు చీకటి తెర ముందు వీపు నిటారుగా పెట్టుకుని, నోరు మెదపకుండా నొక్కుతున్నాడు. వాడు కుర్చీలో కదిలే తీరూ, అరిచేతులు ప్యాంటుకి తుడుచుకునే శబ్దమూ లైనమ్మ వింటూనే ఉంది, కలగజేసుకోలేదు. నలభై నిమిషాలయ్యాక వాడి గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా. "ఇది ఏ బటను?"

ఎవరూ నవ్వలేదు. లైనమ్మ అయితే కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"నా టెలిఫోను బల్ల మీద తీగలు గుచ్చే రంధ్రాలు అరవై ఉండేవి బాబూ," అంది. "ఒక్కో రంధ్రం పక్కన లక్కతో ఒక్కో గుర్తు పెట్టుకున్నాను. వేలు తగలగానే అది పిల్లల వార్డో, రక్తపరీక్షో తెలియాలి. అన్నిటికీ ఒకటే గుర్తు పెట్టుకునుంటే ఎంతమంది పోయేవారో. ఫోను రాగానే ఏమనేదాన్ని? ‘ఆసుపత్రి’ అనేదాన్ని. ముందు, ఎక్కడికొచ్చారో చెప్పాలి. తర్వాత ఏం కావాలో అడగాలి. ఫలానా వార్డుకి కలుపుతున్నానని చెప్పి కలపాలి. దొరక్కపోతే దొరకలేదని, ఎందుకు దొరకలేదో కూడా చెప్పాలి. ఉలుకూ పలుకూ లేకుండా వదిలేస్తే అవతలివాళ్ళ గుండె ఆగిపోతుంది. మీరు యాక్సెసిబిలిటీ అని నోరు తిరగని పేరు పెట్టుకున్నారే, అదింతే."

ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ గదిలో నామకరణాలు జరిగాయి. నలభై మూడు బటన్లు. నూటికినూరు ఒక్కోదాని పేరు చెరిపి కొత్త పేరు కొట్టి పైకి చదివేవాడు. లైనమ్మ తలూపితే ముందుకి, పెదవి విరిస్తే వెనక్కి.

"ఇక్కడ నొక్కండి."

"ఎక్కడ?"

"డాక్టరుని ఎంచుకోండి."

"ఆ. ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది."

గురువారం మధ్యాహ్నానికి పని తేలింది. లైనమ్మ వేళ్ళు విరుచుకుని కూర్చుంది. గొంతు వేగాన్ని తన మామూలు వడగళ్ళవానకి పెంచింది. శీర్షిక నుంచి శీర్షికకి గెంతుతూ, పట్టికలోకి దూరి, తేదీ పట్టుకుని బయటికొచ్చి, కావాలనే ఫోను నంబరు తప్పు కొట్టి, అది "ఒక అంకె తక్కువైంది" అని చెబితే ముచ్చటపడి, సరిచేసి, చివరి మీట నొక్కింది.

"ఎముకల డాక్టరు. బుధవారం. ఉదయం పదిన్నర. మీ అపాయింట్‌మెంటు ఖరారైంది."

"రెండు నిమిషాల పది సెకన్లు," అన్నాడు టకటక ఊపిరి బిగబట్టి.

వినపడనట్టు నటించి, "ఎంతా?" అంది లైనమ్మ. వాడు మళ్ళీ చెప్పాడు. రెండోసారి వినడానికి ఇంకా బాగుంది.

"అమ్మా, ఒక్కటి మిగిలింది," అంది ఫారాలమ్మాయి. "టైము ఎంచుకోగానే ఆ టైముని వాళ్ళకోసం పక్కన పెట్టేస్తాం. ఐదు నిమిషాల్లో ఫారం పూర్తిచెయ్యకపోతే అంతా చెరిగిపోయి మొదటికొస్తుంది. ఆ ఐదుని పది చేద్దామా అని నా ఆలోచన. ఎందుకంటే…"

"పదా?" లైనమ్మ కుర్చీ తిప్పింది. "ఒక్కళ్ళు పది నిమిషాలు లైను పట్టుక్కూర్చుంటే వెనకాల ఎంతమంది ఆగిపోతారో తెలుసా? మా గదిలో ఓనమాలు అవి. మాటయిందా, లైను వదులు. నాకు రెండు నిమిషాలు చాలాయి. గుడ్డిదానికే రెండు చాలితే కళ్ళున్నవాళ్ళకి మూడు కూడా దండగే. మూడు చెయ్యి."

"కానీ అమ్మా…"

"రాసుకో తల్లీ."

మూడన్నది నూటికినూరుకి తెగ నచ్చింది. ఫారాలమ్మాయి అక్షరాలు కొట్టడం వినిపించింది, కొంచెం నెమ్మదిగా. ఆ నెమ్మదిని కూడా పట్టుకోగల చెవే అది. ఆ క్షణాన మాత్రం రెండు నిమిషాల పది సెకన్ల దగ్గరే తచ్చాడుతోంది.

అట్టముక్క బయటికొచ్చింది. కిటికీలోంచి కలం దిగి, గుండ్రంగా, నిదానంగా, తోక పైకి తిప్పి మరీ సంతకం చేసింది. వాడిపోయిన పూలగుత్తి బదులు కొత్తది తెప్పించారు. ఫోటోకి లైనమ్మ పెళ్ళికూతురిలా కాదు, పెళ్ళికొడుకులా నిలబడింది.

ఇంటికొచ్చి ఆ కథంతా మొగుడికి చెప్పింది. ఆయన దర్జీ. నలభై ఏళ్ళు కోట్లు కుట్టి, రెండేళ్ళ క్రితం ఓ రోజు ఉన్నట్టుండి మిషనుకి గుడ్డ కప్పేసి, "చాల్లే, ఊళ్ళో అందరికీ బట్టలున్నాయి," అన్నాడు. ఇప్పుడు వీధి గదిలో కూర్చుని పెళ్ళాం కోతలకి కొలతలు తీస్తుంటాడు. చెప్పగా చెప్పగా ముగ్గురు డెవలపర్లు పన్నెండుమంది అయ్యేసరికి ఆయన అడ్డుపడ్డాడు.

"పొద్దున ముగ్గురన్నావు. మిగతావాళ్ళు ఎప్పుడు పుట్టారోయ్? ఆ ప్రసూతి వార్డు పుణ్యమేనా?"

"మీరు నవ్వండి. రెండు నిమిషాల పది సెకన్లు. ఏదీ, ఇలా వచ్చి కంప్యూటరు ముందు కూర్చోండి. నరాల డాక్టరుకి చూపించుకోమంటే నాలుగు నెలలుగా రేపూ మాపూ అంటున్నారు. వాళ్ళు నాకు పరీక్షకోసం ఇచ్చిన పేజీ తెరిచే ఉంది. ఎవర్నీ బతిమాలక్కర్లేదు, మీ అంతట మీరే తీసుకోవచ్చు. నా సంతకం ఉంది దానిమీద."

దర్జీ కూర్చున్నాడు. లైనమ్మ టీకి నీళ్ళు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి చెవి అటు పెట్టింది.

ఒక మీట. కాసేపు ఏమీ లేదు. తర్వాత అదే మీట టిటిటిక్‌మని మూడుసార్లు. ఆ పైన చెరిపే మీట, రెండుసార్లు చెరపాల్సింది నాలుగుసార్లు చెరిపింది. మళ్ళీ మొదటి మీట. ఆయన ఎడంచేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకున్నట్టున్నాడు, చొక్కా చేతి గుడ్డ నలిగిన శబ్దం వచ్చింది. ఆ తర్వాత నాలుగు మీటలు బాగానే పడ్డాయి. ఐదోది టిటిటిక్. నీళ్ళు మరిగాయి. కుర్చీ కిర్రుమంది. మళ్ళీ మొదటినుంచి, అదే పేరు, అదే తడబాటు. పాలు పొంగబోతుంటే దించింది. మూడోసారి మొదలైంది, మూడోసారి ఆగింది.

"రేపు చూద్దాంలే," అన్నాడు దర్జీ లేస్తూ. "కళ్ళజోడు సరిగ్గా లేదు."

"ఏమంది పేజీ?"

"ఏమంటుంది. సమయం అయిపోయిందంది. మర్యాదగానే చెప్పింది."

"ఎన్నిసార్లు?"

"మూడు. మూడుసార్లూ మర్యాదగానే."

లైనమ్మ కప్పులు బల్లమీద పెట్టింది. "అది ఎన్ని నిమిషాలుండాలో ఎవరు చెప్పారో తెలుసా మీకు?"

"ఎవరో కుర్రకుంకలై ఉంటారు. వాళ్ళకి అన్నీ తొందరే."

"నేను."

దర్జీ టీ కప్పు అందుకోబోయి ఆగాడు. "పోనీలేవోయ్," అన్నాడు. "నీకు కనపడదు కదా, ఈ చెయ్యి."

"వినపడుతుంది," అంది లైనమ్మ. "నాలుగు నెలలుగా, మీరు సాసరులో కప్పు పెట్టినప్పుడల్లా వినపడుతూనే ఉంది. తెలిసి కూడా ఇవాళ నా వేళ్ళ వేగమే లోకమంతా అనుకున్నాను. రేపు నాతో రండి."

"ఎందుకు, నా వణుకు పదిమందికీ చూపించడానికా? ఈ చేత్తో ఎన్ని కోటు కాలర్లు కుట్టానో నీకు తెలుసు. ఇప్పుడు పిల్లల ముందు మీటలు తడుముకుంటూ కూర్చోమంటావా. నేను రాను."

లైనమ్మ మరి అడగలేదు. ‘అందరూ అనే ఉందమ్మా’ అన్న నూటికినూరు గొంతు ఆవిడ చెవిలో ఒకటే మోగుతోంది. ఆ మాట కింద తోక పైకి తిప్పిన తన సంతకం ఉంది.

శుక్రవారం పొద్దున ఆవిడ చెప్పులు వెతుక్కుంటుంటే గుమ్మం దగ్గర ఇస్త్రీ చొక్కా గరగరమంది.

"గుండీలకే పావుగంట పట్టింది," అన్నాడు దర్జీ. "అందుకని ముందే లేచాను. పద, మళ్ళీ ఆలస్యమైందని నన్నంటావు."

మూడో అంతస్తులో నూటికినూరు హడావుడిగా ఉన్నాడు. కాగితం అట్టలో పెట్టి, డైరెక్టరుగారి గదికి పంపడానికి సిద్ధం చేశాడు. "ఇవాళ మీరు రానక్కర్లేదమ్మా," అన్నాడు.

"ఆ కాగితం ఇలా ఇవ్వు బాబూ. నిన్న నేను తప్పు లైను కలిపాను."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ నోట రాని మాట అది. ఆసుపత్రి పునాది కదిలి, కింద మందుల దుకాణంలో సీసాలు గలగలలాడాయని తర్వాత ఎవరో అన్నారు. అంత లేదుగానీ, టకటక కొడుతున్న కీబోర్డు మాత్రం ఆగింది.

"అమ్మా, సంతకం పెట్టేశాక వెనక్కి తీసుకోవడమంటే…"

"నువ్వు ప్రోగ్రాం వేసిన మార్కులు చూసి మోసపోయావు. నేను నాకు నేను వేసుకున్న మార్కులు చూసి మోసపోయాను. ఇద్దరం ఒక్క బడివాళ్ళమే, సిగ్గెందుకు." తన కుర్చీ వెనక్కి లాగి మొగుడి వైపు తిప్పింది. "ఈయన మా ఆయన. ఇవాళ పాఠం ఈయనది. నేను మీ పక్కన కూర్చుంటాను."

"పాఠాలూ గీఠాలూ నాకు రావు," అన్నాడు దర్జీ కూర్చుంటూ. "నాకు నరాల డాక్టరు కావాలి, అంతే."

ఆయన మీటల మీద వేళ్ళు పెట్టాడు. ముగ్గురూ వెనక నిలబడి చూశారు. వేలు మీట దాకా వస్తుంది, దాని మీద ఆగి గాలికి రెపరెపలాడే కాగితంలా కొట్టుకుంటుంది, దిగితే ఒకటికి మూడు పడతాయి. డాక్టరునీ, టైమునీ ఎంచుకున్నాక పేరు పూర్తయ్యేసరికే రెండు నిమిషాలు గడిచాయి. మూడో నిమిషంలో పుట్టిన తేదీ సగంలో ఉండగా తెర తెల్లబడి, సమయం అయిపోయిందని మర్యాదగా చెప్పింది.

దర్జీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అమ్మమ్మ ఒక్కో అక్షరానికీ కీబోర్డంతా వెతుకుతుంది," అంది ఫారాలమ్మాయి మెల్లిగా. "అందుకే పది అడిగాను."

"చెప్పబోయావు, నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పు తల్లీ, నోరు మూసుకుని వింటాను. నా జీవితంలో ఇది రెండోసారో మూడోసారో, వాడుకో."

"అసలు పది కూడా అక్కర్లేదమ్మా. ముందు వివరాలన్నీ నిదానంగా నింపనిద్దాం, అందాకా ఏ టైమునీ పక్కన పెట్టొద్దు. ఆఖర్న టైము ఎంచుకున్నప్పుడే పెడదాం. అప్పుడు నింపేవాళ్ళకి తొందరుండదు, వెనకవాళ్ళకి అడ్డూ ఉండదు. అప్పుడు కూడా ఆలస్యమైతే, చెరిపెయ్యకుండా ఇంకా సమయం కావాలా అని అడుగుదాం. ఏదో ఒక మీట నొక్కితే చాలు."

"గంట పని," అన్నాడు టకటక.

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. అందరూ నూటికినూరు వైపు తిరిగారు, లైనమ్మ చెవితో సహా. పది గంటలకి కాగితం అందకపోతే అక్షింతలు పడేది వాడికే. వాడు అట్ట తెరిచాడు. లోపలి కాగితం వంక కాసేపు చూశాడు. తీసి లైనమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అడ్డంగా పట్టుకుని చింపబోయింది.

"మడత పెట్టి చింపవోయ్," అన్నాడు దర్జీ. "గుడ్డైనా కాగితమైనా, మడతెయ్యకుండా చింపితే పక్కకి పోతుంది."

ఆవిడ మడతపెట్టి చింపింది. తిన్నగా చిరిగింది.

తర్వాత ముప్పావుగంట సేపు ఆ గదిలో మాటలు లేవు. టకటక మేకులు కొట్టాడు. ఫారాలమ్మాయి ఒక చోట మారిస్తే మరోచోట పడిపోతున్నదాన్ని నూటికినూరు పట్టుకున్నాడు. పదింటికి ఫోను మోగితే దాని వంకైనా చూడలేదు. పదీ ఇరవై ఐదుకి, "కూర్చోండి పెద్దాయనా," అన్నాడు.

దర్జీ మళ్ళీ మొదలుపెట్టాడు. పేరు రెండు నిమిషాలు. పుట్టిన తేదీ మూడు. ఊళ్ళోవాళ్ళందరికీ నోటికొచ్చిన తన ఫోను నంబరు దగ్గర నాలుగుసార్లు చెరిపాడు. నుదుటి మీద చెమట పట్టింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పక్కన కుర్చీ కొంచెం కదిలింది.

"చెయ్యి వెనక్కి తీసుకో నాయనా," అంది లైనమ్మ.

"నేనేం చెయ్యలేదమ్మా," అన్నాడు నూటికినూరు.

"చెయ్యబోయావు. ఆయన అంతట ఆయన తీసుకోవాలి. కాగితంలో రాసింది నువ్వే."

వాడు చేతులు కట్టుకున్నాడు. డాక్టరు పేరు దొరికింది. ఖాళీగా ఉన్న టైముల జాబితా వచ్చింది. అందులో కావలసింది పట్టుకోబోతే వేలు జారి కిందికిపోయింది, పైకి తెచ్చుకుంటుంటే పేజీ అడిగింది: "ఇంకా సమయం కావాలా?" దర్జీ మీటల్లోకల్లా పొడుగు మీట మీద బొటనవేలు ఆనించాడు. పేజీ ఊరుకుంది. రాసిందేదీ చెరగలేదు. ఆయన భుజాలు కాస్త దిగాయి. ఆ పైన చెయ్యి వణికింది గానీ తొందరపడలేదు.

"నరాల డాక్టరు. మంగళవారం. ఉదయం పదకొండు. మీ అపాయింట్‌మెంటు ఖరారైంది," అంది గొంతు.

"పద్నాలుగు నిమిషాలు," అన్నాడు టకటక. నిన్న రెండు నిమిషాలకి ఊపిరి ఎంత బిగబట్టాడో, ఇప్పుడూ అంతే.

దర్జీ జేబురుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు. "నేనే తీసుకున్నానోయ్," అన్నాడు పెళ్ళాంతో. మాటకి తడుముకోవడం ఎరగని లైనమ్మ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

నూటికినూరు కొత్త కాగితం అచ్చు తీసి తెచ్చాడు. ఈసారి సంతకానికి రెండు గీతలున్నాయి. లైనమ్మ మొదటిదాని మీద చేసింది, తోక తిప్పకుండా.

"రెండోది మీదండీ," అన్నాడు వాడు దర్జీతో.

"నాదా? నా సంతకం ఇప్పుడు నాకే అర్థం కాదు బాబూ."

"ఫరవాలేదు. మీరు పెట్టినట్టే ఉండాలి."

దర్జీ కలం తీసుకుని వంగాడు. మొదటి అక్షరం దగ్గరే కలం కాగితం మీద కొట్టుకుంది. ఆయన ఎత్తి, మణికట్టు పట్టుకుని, మళ్ళీ ఆనించాడు. ఫోను మోగింది. ఈసారి నూటికినూరు ఎత్తాడు. డైరెక్టరుగారి గొంతు గది మధ్యలోకి వినిపించేంత గట్టిగా ఉంది. కాగితం ఏమైందనీ, పది దాటిందనీ, మళ్ళీ కంప్యూటర్లు ఆగిపోయాయా అనీ.

కలం కాగితం మీద గరుకుగా, కొంచెం కొంచెంగా కదులుతోంది. ఫారాలమ్మాయి కాగితం జారకుండా మూల మీద వేలు పెట్టి నిలబడింది. టకటక కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"లేదు సార్, కంప్యూటర్లు బాగానే ఉన్నాయి," అన్నాడు నూటికినూరు, తొందరేమీ లేని గొంతుతో. "పెద్దాయన సంతకం చేస్తున్నారు. మేమే ఆగాం."